తొలి బిడ్డకు ఆటిజం... మళ్లీ గర్భం దాల్చొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మా బాబుకు మూడేళ్లు, ఆటిజం ఉందన్నారు. నేను పెళ్లికి ముందు నుంచీ ఫిట్స్‌కు సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతున్నా. 35 వారాలకే సిజేరియన్ చేశారు. గర్భంతో ఉండగా జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకున్నా. ఆపరేషన్ వల్లే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు. రెండో బిడ్డను కనొచ్చా?
- ఓ సోదరి, కరీంనగర్

జవాబు: కనొచ్చు. కాకపోతే ఫిట్స్ మందు సంగతి తేల్చుకున్నాకే.

ఇంట్లోవాళ్లు నింద మోపుతున్న సిజేరియన్‌ను పక్కన పెట్టండి. ఒకే తల్లి పిల్లలను పోల్చి చూస్తే ఆపరేషన్‌కూ ఆటిజానికీ లంకె కనపడలేదు. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లలపై 2024లో వెలువడిన అధ్యయనంలో పారాసెటమాల్‌దీ ఇదే కథ. నెలలు నిండకుండా పుట్టడం మాత్రం ముప్పును కాస్త పెంచుతుంది. 34-36 వారాలకు పుట్టినవారిలో 1.9 శాతం, నిండు నెలల్లో పుట్టినవారిలో 1.4 శాతం మందికి ఆటిజం ఉన్నట్టు స్వీడన్ లెక్కలు చెబుతున్నాయి. తేడా చిన్నదే. అసలు పెద్ద వాటా జన్యువులది.

ఆలోచించాల్సింది వాల్‌ప్రోయేట్ గురించి. 2013లో వచ్చిన డెన్మార్క్ అధ్యయనంలో, గర్భంలో ఈ మందు ప్రభావానికి గురైన పిల్లల్లో 4.4 శాతం మందికి ఆటిజం కనిపించింది. మొత్తం పిల్లల్లో అది 1.5 శాతం. అంటే ఈ మందు వాడినా నూటికి 95 మందికి పైగా పిల్లలకు రాలేదు, కాబట్టి మీ బాబుకు దీనివల్లే వచ్చిందని తేల్చలేం. వెన్నుపూస లోపాలు, తెలివితేటలు తగ్గడం కూడా ఈ మందుతో ఎక్కువే.

అలాగని ఇది చదివి రేపటి నుంచి మాత్ర మానేయొద్దు! ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. గర్భం రాకుండా జాగ్రత్త పడుతూనే న్యూరాలజిస్టును కలవండి. మీ ఫిట్స్ రకాన్ని బట్టి లెవెటిరాసెటమ్‌కో, లామోట్రిజిన్‌కో మారుస్తారు. దీనికి కొన్ని నెలలు పడుతుంది. వాల్‌ప్రోయేట్ ఉండగా లామోట్రిజిన్ మొదలుపెడితే రక్తంలో దాని పాళ్లు పెరుగుతాయి. మోతాదు తొందరపడి పెంచితే ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. అదే గర్భం వచ్చాక పాళ్లు పడిపోతాయి, అప్పుడు మోతాదు పెంచాలి. కాబట్టి సొంత లెక్కలు వద్దు.

ఫోలిక్ యాసిడ్ మీకు మామూలు 400 మైక్రోగ్రాములు చాలదు. డాక్టరు చీటీతో రోజుకు 5 మిల్లీగ్రాములు, గర్భం కోసం ప్రయత్నించడానికి ముందు నుంచే మొదలుపెట్టి 12వ వారం దాకా వేసుకోవాలి. ఇది వెన్నుపూస లోపాలు రాకుండా ఉండటానికే; వాల్‌ప్రోయేట్ చెరుపును ఇది కడిగేస్తుందనుకోవద్దు.

ఇంకోటి, అన్నకో అక్కకో ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు ఐదింట ఒక వంతు. అందుకే ముందు బాబుకు క్రోమోజోమల్ మైక్రోఅరే, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు పరీక్షలు చేయించండి. మీది మేనరికమైతే జెనెటిక్ కౌన్సెలర్‌కు తప్పక చెప్పండి. గర్భంలో బిడ్డ అవయవ లోపాలను చూసే టిఫా స్కాన్‌లో ఆటిజం తెలియదు. పుట్టిన బిడ్డ ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు కావాల్సింది వేలితో చూపించకపోయినా, ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే’ అని ఆగకుండా జిల్లా ఆసుపత్రిలోని డైస్ కేంద్రానికి (పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే చోటు) తీసుకెళ్లండి.