కొండ ముందు, సీసా తర్వాత

చిత్తూరు,
ఆదివారం.

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నీ కంపెనీ పెద్దాయన, ఆయన భార్య ఫ్రాన్సు నుంచి వస్తున్నారంట, బెంగళూరులో పని ముగిశాక తిరుపతి చూస్తామన్నారంట, ఆ భారం నువ్వే నెత్తికెత్తుకున్నావంట. "వాళ్ళకు వైను పోయించి భోజనం పెట్టిస్తుందంట, పాట కచేరీ కూడా వినిపిస్తుందంట. నువ్వన్నా చెప్పన్నా దానికి" అనింది. దానర్థం వద్దని చెప్పమని. నేను మాత్రం ఎలా చెయ్యాలో రాస్తున్నా. ఈ ఉత్తరం దాని కంటబడనీకు.

గర్వంగా ఉంది. మనింట్లో పరాయి దేశపు వాళ్ళ భోజనాల దగ్గర నిలబడినవాణ్ని నేనొక్కణ్ణే, అదీ ముంజేతి మీద తువాలు వేసుకుని. నువ్వు వాళ్ళ ఎదురుగా కూర్చుని వడ్డించమని చెప్పబోతున్నావు. భయం కూడా ఉంది, దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు మామూలు మాటలు. దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో ముందే తీసుకో. అసలు పాస్‌పోర్టులు చేతిలో ఉండాలి, సెల్‌ఫోన్లు గుళ్ళోకి రావు. ఆయనకు పంచె, ఆమెకు చీర గానీ దుపట్టా ఉన్న చుడీదార్ గానీ. హిందువులు కానివాళ్ళు స్వామి మీద నమ్మకముందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. ఆ మాట క్యూలో నిలబెట్టి చెప్పకు, బెంగళూరులోనే చెప్పు. మనసొప్పకపోతే గుడి బయట మాడవీధులు తిరిగి రావచ్చు, అందులో తక్కువేం లేదు. ఆమె కింద బజారులో మల్లెపూలు చూసి ముచ్చటపడుతుంది, నీకు కొనిపెట్టాలనిపిస్తుంది. కొండ మీద పూలన్నీ స్వామివి, ఆడవాళ్ళు తల్లో పెట్టుకోకూడదు. దిగొచ్చాక మూరలకు మూరలు కొనిపెట్టు.

ఇక అసలు మాట. కొండ మొదటిరోజు, మందూ మాంసమూ రెండోరోజు. ఈ వరస తిరగబడనీకు.

బెంగళూరు హోటల్లో నా పైన ఒక కెప్టెన్, అంటే వెయిటర్లకు పెద్ద, ఉండేవాడు. టేబుల్ దగ్గర ఆయన్ను మించినవాణ్ని నేను చూడలేదు. బిరడా లాగితే చప్పుడు వచ్చేది కాదు. అతిథి సగం మాట అనేసరికి మిగతా సగం ఆయన చేతిలో ప్లేటై వచ్చేది. ఒకసారి బొంబాయి నుంచి ఒక ముసలాయన భార్యతో వచ్చి దిగాడు. తిరుపతి వెళ్ళాలంటే కెప్టెనే బండి మాట్లాడి, నాది ఈ పక్కే కదా అని నన్ను తోడు పంపాడు. మనవడికి జబ్బు నయమైతే శనివారం పూట కొండకొస్తానని ఆమె మొక్కు. పొద్దున్నుంచి నీళ్ళు తప్ప ముట్టలేదు. కోలారు దగ్గర నేను కాఫీ అయినా తాగమంటే చెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

మాకెవరికీ చెప్పకుండా కెప్టెన్ డిక్కీలో ఒక పెట్టె పెట్టించాడు. వెండి రంగు కాగితం, పైన రిబ్బను. ముందురోజు రాత్రి ముసలాయన మెచ్చుకున్న వైనే అది. తిరుగుదారిలో చూసి మురిసిపోతాడని ఈయన ఆశ. అలిపిరిలో బండి ఆపి, అందర్నీ దింపి, సామాను తనిఖీ చేస్తారు కదా. గార్డు కాగితం విప్పాడు. "సీలు తియ్యలేదు సార్" అంటాడు డ్రైవరు. సీలు ఎవడడిగాడు! ముసలాయన నా వంక చూశాడు, నేను డ్రైవరు వంక, డ్రైవరు నేల వంక. ఆమె మాత్రం ఆ సీసా మీద నుంచి చూపు తిప్పలేదు. కోప్పడలేదు, ఏడవలేదు. "మనకింకా పిలుపు రాలేదేమో" అని భర్తతో హిందీలో అనింది.

సీసా పోయింది, అది ఎవరిక్కావాలి. ఎవరిది, ఎందుకు తెచ్చారని అడగడాలు, పేర్లు రాసుకోవడాలు, బతిమాలుకోవడాలు, ఇవన్నీ అయ్యేసరికి ఆ పూట దర్శనం చేజారింది. ఆ రాత్రి వాళ్ళు కిందే సత్రంలో పడుకున్నారు. మరునాడు దర్శనమైతే అయింది గానీ, శనివారం మొక్కు ఆదివారం తీరింది. దిగొచ్చేటప్పుడు ఆమె నాకొక లడ్డూ ఇచ్చింది. దాన్ని తినడానికి నాకు చాలాసేపు పట్టింది. బెంగళూరు చేరి జరిగింది చెప్తే కెప్టెన్ ఏమన్నాడో తెలుసా? "అయ్యో, మంచి వైనురా అది, పారబోశారా?" అన్నాడు. ఆయన బాధ నిజమే. అతిథి నాలుక సంగతి ఆయనకు అణువణువూ తెలుసు, ఆ మనుషులు ఎందుకు ఇల్లు కదిలారో ఒక్కసారి అడగలేదు.

అందుకని డిక్కీ నువ్వే తెరిచి చూడు. డ్రైవరు జేబులో సిగరెట్లూ గుట్కా కూడా లేకుండా చూసుకో. ఫ్రాన్సు వాళ్ళకు ఎవరింటికి పోయినా సీసా పట్టుకుపోయే అలవాటుంది. నీకే ఒకటి తెస్తారేమో, అది బెంగళూరు గదిలోనే పెట్టి తాళం వెయ్యి. వాళ్ళ కోసమని అక్కడ కొని తీసుకురావద్దు కూడా. కర్ణాటక సీసా మన హద్దు దాటితే ఎక్సైజు వాళ్ళతో అదొక వేరే తంటా. తిరుపతిలో లైసెన్సున్న హోటల్లో కూర్చుని, అక్కడ ఉన్నదే తాగండి.

కొండ మీద హోటళ్ళు వెతక్కు. తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో బంతిలో కూర్చోబెట్టు. 1985లో మొదలైన నిత్యాన్నదానం, ఈ రోజు దాకా సాగుతూనే ఉంది. ఊరడగరు, పేరడగరు, బిల్లు రాదు. నా బతుకంతా రిజర్వుడు అని బోర్డు పెట్టిన టేబుళ్ళ మధ్య గడిచిపోయింది గదా, అంత పెద్ద హాల్లో ఎవరు వస్తే వాళ్ళకు కుర్చీ దొరకడం నాకిప్పటికీ వింతే. వాళ్ళకూ అదే నచ్చుతుంది, చూడు. చెంచా అడిగి పరుగులు పెట్టకు. చేత్తో ఎలా కలుపుకోవాలో నువ్వు తింటూ ఉంటే వాళ్ళే చూసి నేర్చుకుంటారు.

సాయంత్రం గుడి ఎదుట నాదనీరాజనం వేదిక మీద పాట ఉంటుంది. ముందు వరసలు వద్దు, స్పీకర్లు చెవులు పగలగొడతాయి. కొంచెం వెనక్కి, పక్కకు కూర్చోండి. అన్నమయ్య పాట వస్తే ఒకే ఒక్క సంగతి చెప్పు, మిగిలింది వదిలెయ్యి. 1408లో పుట్టి 1503లో పోయిన మనిషి. ముప్పై రెండు వేల పాటలు రాశాడంటారు, అందులో సగం కూడా దొరకలేదు. రాగిరేకుల మీద చెక్కించి గుళ్ళోనే ఒక అరలో దాచిపెట్టారు, వందల ఏళ్ళు అక్కడే ఉండిపోయాయి. రేకు మీద రాగం పేరుంది, పాడే వరస లేదు. ఈ రోజు మనం వినే వరసలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, అలాంటివాళ్ళు మొన్నమొన్న కట్టినవే. 'వినరో భాగ్యము విష్ణుకథ' బాలకృష్ణప్రసాద్ గారి వరస. ఆయన తిరుపతిలోనే ఉండి, 2025 మార్చిలో అక్కడే పోయారు. ఆయన కచేరీకి నేను మహతి ఆడిటోరియంలో కూర్చుంటే, అయిదు వందల ఏళ్ళ నాటి మాటని నాకు తెలిసిన కాలపు మనిషి పాడుతున్నాడే అని ఒళ్ళు జలదరించేది. ఇది ఫ్రాన్సు వాళ్ళకు చెప్పదగిన ముచ్చట. కాకపోతే పాట మధ్యలో చెప్పకు. నువ్వు మీ అమ్మలాగే, ఎక్కడా ఖాళీ వదలవు. పాట అయ్యేదాకా గమ్మున ఉండు తల్లీ.

బండిలో వినిపించాలంటే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల పెట్టు. మన సినిమా పాటలు నాకూ ప్రాణమే, అవి నువ్వూ నేనూ వెళ్ళేటప్పుడు.

రెండోరోజు పొద్దున స్టేషను దగ్గర భీమాస్‌లో టిఫిను, చంద్రగిరి కోట, శ్రీకాళహస్తిలో కలంకారీ. రాత్రికి నీ విందు.

మధ్యాహ్నమే ఒకసారి ఒంటరిగా వెళ్ళి టేబుల్ చూసుకో. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, స్పీకరు నెత్తిన ఉండకూడదు. కుర్చీలో కూర్చో. ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్ళ మాట కోసం ముందుకు వంగాల్సి వచ్చేటట్టుంటే ఆ టేబుల్ వద్దు. కెప్టెన్‌ను పక్కకు పిలిచి పాట సౌండు తగ్గించమని అప్పుడే చెప్పు, బిల్లు నాకే ఇవ్వాలనీ అప్పుడే చెప్పు. లేకపోతే అలవాటు ప్రకారం మగాయన ముందు పెడతారు, అక్కడ కార్డులు లాక్కోవడం మొదలవుతుంది.

వైను. ఫ్రాన్సు సీసా తెప్పించి మెప్పిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎందుకు పాపా? అది వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్లో దొరుకుతుంది. మన పక్కనున్న నందికొండల ద్రాక్షది గానీ, నాసిక్‌ది గానీ అడుగు. చెనిన్ బ్లాంక్ అని తెల్లది, కొంచెం తీపి తగిలేది ఉంటే అదే చెప్పు. మన కారానికి ఎర్ర వైను సరిపడదు. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే వగరు అందులోకి దిగుతుంది, అది కారంతో కలిస్తే నోరు గరగరలాడుతుంది. ఘాటు ఎక్కువున్న వైనైతే మంట ఇంకా పెరుగుతుంది. తీపి, చల్లదనం మంటను తగ్గిస్తాయి. తెల్లది ఎనిమిది, పది డిగ్రీల చల్లగా రావాలి, ఐసు బకెట్ అడుగు. ఆయన ఎర్రదే కావాలంటే కాదనకు, దాన్ని కూడా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టమను. గది వేడికి ఎర్రది బాగుంటుందని ఎక్కడో చదివి ఉంటావు, అది చలిదేశాల గది. తిరుపతి మే నెలను వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు.

సీసా తెరిచి ముందు గ్లాసులో కొంచెం పోస్తారు. అది ఆర్డరు ఇచ్చినవాళ్ళకు పొయ్యాలి, అంటే నీకు. వెయిటరు ఆయన దగ్గరికి పోతే "ఇటు పొయ్యండి" అని మెల్లగా అను, చాలు. ఆ గుటక నీకు నచ్చిందా లేదా అని కాదు, సీసా చెడిందా లేదా అని. వాసన చూడు. తడి గోనెసంచి వాసన గానీ, వెనిగర్ పులుపు గానీ వస్తే మార్చమను. లేదా తల ఊపు. తాగాల్సిన పనే లేదు, వాసన చాలు. నువ్వు తాగుతావా అని అడగమనింది మీ అమ్మ. నేనడగను. మీ అవ్వ బతికున్నన్నాళ్ళూ నేను మీల్స్ హోటల్లో పనిచేస్తున్నానని అనుకునింది. సెలవుకు ఇంటికొస్తే ముందు నా చొక్కా వాసన చూసేది, ఏమీ దొరక్కపోతే సంగటి ముద్ద పెద్దది పెట్టేది.

సంగటి అనగానే గుర్తొచ్చింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు తప్పకుండా చెప్పు. కారం తగ్గించమంటే వంటవాడు ఉప్పూ చింతపండూ కూడా తగ్గించి నీళ్ళ పులుసు పంపుతాడు. ఉన్నదున్నట్టే రానీ, పక్కన గడ్డపెరుగు పెట్టించు. సంగటి నమలకూడదు, గుంట చేసి పులుసులో ముంచి మింగాలని చూపించు. ఆమె మాంసం తినకపోతే పప్పు, గుత్తొంకాయ, ఉలవచారు. మామిడి కాలమైతే పళ్ళు కోసి పెట్టించు, మరే తీపీ అక్కర్లేదు. రెండు గ్లాసులు దాటాక ఎవరైనా సరే మూడోది నువ్వు చెప్పకు, వాళ్ళు అడగనీ. బండికి తాగని డ్రైవరు ఉన్నాడని కళ్ళతో చూసి ఎక్కు. ఆ ఒక్కటీ మాత్రం, ఎంత రాత్రైనా, నాకు ఫోను చేసి చెప్పు.

మీరెలాగూ పలమనేరు మీదుగా చిత్తూరు దాటే రావాలి. పోయేటప్పుడు మనింట్లో అలసంద వడలు, కొబ్బరి పచ్చడి. ఒక రోజు ముందు చెప్తే మీ అత్త పప్పు నానబోస్తుంది. కోడి మాత్రం తిరుగుదారిలోనే.

నీ మామయ్య