హోటల్ బస, పబ్బు భోజనం: ఇంగ్లండు వెళ్తున్న మన పిల్లల కోసం

"అక్కా, కంపెనీ వాళ్లు ఆరు వారాలకి లీడ్స్ పంపిస్తున్నారు. బస హోటల్లోనే. సాయంత్రాలు టీమంతా పబ్బుకి వెళ్తారట. నేను తాగను, మాంసం తినను, గుడ్డు కూడా ముట్టను. అమ్మకి ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?" అని రాయగడ అమ్మాయి అడిగింది. బరంపురం, గుణుపురం వైపు పిల్లలు కూడా దాదాపు ఇదే అడుగుతున్నారు. నాది పర్లాకిమిడి. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలోనే స్థిరపడి చాలా ఏళ్లయింది. తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. మన వైపు పబ్ అనగానే భువనేశ్వర్‌లోనో వైజాగ్‌లోనో చీకటి గది, చెవులు చిల్లులు పడే పాటలు, డ్యాన్సులు గుర్తొస్తాయి. ఇంగ్లండులో మామూలు పబ్ అలా ఉండదు. మధ్యాహ్నం ముసలి దంపతులు సూప్ తాగుతూ కనిపిస్తారు. ఆదివారం తాత, కొడుకు, మనవలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసం) తింటారు, కుక్క బల్ల కింద పడుకుంటుంది. 2007 జులై 1 నుంచి ఇంగ్లండులో ఇలాంటి చోట్ల లోపల సిగరెట్ కాల్చడం నిషేధం, కాబట్టి పొగ గొడవ కూడా లేదు. ఆడపిల్ల ఒక్కతే కూర్చుని భోంచేసినా ఎవరూ వింతగా చూడరు. శుక్ర, శనివారాల రాత్రి సిటీ సెంటర్‌లో మాత్రం గోల ఎక్కువ. ఆ రెండు రోజులూ పెందరాళే తినేసి గదికి వచ్చెయ్యి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. హోటల్ గదిలో తలుపేసుకుని పులిహోర పేస్టుతో, కప్పు నూడుల్స్‌తో ఆరు వారాలు గడిపెయ్యకు. అలా ఉండిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. పని బాగానే చేస్తారు, కానీ పక్క సీట్లో కూర్చునే మనిషికి పిల్లలున్నారో లేదో కూడా తెలియకుండా తిరిగొస్తారు. ఆఫీసులో ముక్తసరిగా మాట్లాడే మేనేజర్ పబ్బులో బల్ల దగ్గర కూర్చున్నాక ప్రాజెక్టు అసలు ఇబ్బంది ఏమిటో చెబుతాడు. అది ఏ మీటింగ్‌లోనూ బయటికి రాదు. పైగా మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల పిల్లలకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. స్నేహితుల ఇంట్లో పఖాళ, దాల్మా తిన్నారు, రజ పండక్కి వాళ్లతో ఉయ్యాలలూగారు, బరంపురంలో ఠాకురాణి యాత్ర అందరితో కలిసి చేసుకున్నారు. మీ ఇంటి పద్ధతి పోయిందా? ఇక్కడా పోదు.

తాగే సంగతి. "ఐ డోంట్ డ్రింక్" అని ఒక్కసారి చెప్పు, కారణాలు వివరించక్కర్లేదు. కారు నడిపేవాళ్లు, ఆరోగ్యం కోసం మానేసినవాళ్లు, మతం వల్ల ముట్టనివాళ్లు ఎలాగూ ఉంటారు. లైమ్ అండ్ సోడా అడుగు, దాదాపు ప్రతి పబ్బులో దొరుకుతుంది. ఒక్క పేరు విషయంలో మాత్రం జాగ్రత్త. సైడర్ అంటే ఆపిల్ జ్యూస్ కాదు. బ్రిటన్‌లో మామూలుగా సైడర్ అంటే ఆల్కహాల్ ఉన్నదే, కొన్ని బీరుకంటే ఘాటు. షాండీలోనూ బీరు కలుస్తుంది.

తర్వాత రౌండ్లు. ఒకరు లేచి అందరికీ డ్రింకులు తెస్తారు, తర్వాత ఇంకొకరు. నీ లైమ్ సోడా కూడా ఆ రౌండ్‌లో వచ్చిందంటే నీ వంతు నువ్వూ లేచి కొనాలి, అది అక్కడి మర్యాద. అందులో వాళ్ల బీరు పింట్లు ఉంటాయి. ఒక్కో పింటు 568 మిల్లీలీటర్లు, బిల్లు బాగానే అవుతుంది. మద్యం కొని ఇవ్వడం నీకు ఇష్టం లేకపోయినా, డబ్బు బరువనిపించినా, మొదట్లోనే "నాది నేను తెచ్చుకుంటాను" అని నవ్వుతూ చెప్పెయ్యి. ఎవరూ నొచ్చుకోరు. రెండు రౌండ్లు తాగి నీ వంతు వచ్చేసరికి లేచి వెళ్లిపోతే మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకుంటారు.

చాలా పబ్బుల్లో వెయిటర్ వస్తాడని ఎదురుచూస్తూ కూర్చుంటే ఎవరూ రారు. బల్ల మీద నంబర్ చూసుకుని బార్ దగ్గరికి వెళ్లి, అది చెప్పి, తిండి ఆర్డర్ ఇచ్చి, అక్కడే డబ్బు కట్టాలి. ప్లేటు వాళ్లే తెచ్చిపెడతారు. బార్ దగ్గర లైను కనబడకపోయినా ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు, కాబట్టి చెయ్యి ఊపకు, పిలవకు. టిప్పు అవసరం లేదు. వంటగది మాత్రం త్వరగా కట్టేస్తారు, చాలాచోట్ల రాత్రి 9కల్లా. ఆదివారమైతే ఇంకా ముందే. మన అలవాటు ప్రకారం తొమ్మిదిన్నరకు వెళ్తే చిప్స్ (అక్కడ వేడివేడి బంగాళాదుంప వేపుడు ముక్కల్ని అలా అంటారు) కూడా దొరకవు.

ఇక తిండి. దీన్ని శ్రద్ధగా చదువు. మెనూలో 'వి' అక్షరం ఉంటే వెజిటేరియన్ అని అర్థం, కానీ వాళ్ల వెజిటేరియన్‌లో గుడ్డు ఉండొచ్చు. గుడ్డు తినని నీకు వీగన్ అని రాసినవే నమ్మకం, వాటిలో గుడ్డూ పాలూ రెండూ వెయ్యరు. ఇంకో మంచి మార్గం ఉంది. 2014 డిసెంబర్ నుంచి అక్కడ తిండి అమ్మే ప్రతివాళ్లూ 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి దేంట్లో ఉన్నాయో అడిగితే చెప్పి తీరాలి. గుడ్డు, చేప, పాలు ఆ 14లో ఉన్నాయి. "అలర్జెన్ లిస్ట్ ఉందా?" అని అడుగు, వేలు పెట్టి చూపిస్తారు. గొడ్డుమాంసం, పందిమాంసం ఆ జాబితాలో లేవు. వాటి గురించి విడిగా అడగాలి.

ఎందుకంటే అవి పేరులో కనబడవు. కాటేజ్ పై అంటే మామూలుగా గొడ్డుమాంసం, షెపర్డ్స్ పై అంటే గొర్రెమాంసం. గ్రేవీ మాంసం రసంతో చేసి ఉండొచ్చు. వూస్టర్ సాస్‌లో సాధారణంగా చిన్న చేపలు వేస్తారు. యార్క్‌షైర్ పుడింగ్ గుడ్డూ మైదా కలిపిన పిండితో చేస్తారు, అది తీపి కాదు. హోటల్ టిఫిన్‌లో నల్లగా గుండ్రంగా కనిపించే బ్లాక్ పుడింగ్ పందిరక్తంతో చేసింది. చిప్స్ బంగాళాదుంపవే అయినా చేపలు వేపిన నూనెలోనే వేపుతారేమో అడుగు. యార్క్‌షైర్‌లో చేపలు, చిప్స్ వేపి అమ్మే దుకాణాలు చాలావరకు ఇప్పటికీ గొడ్డుకొవ్వులోనే వేపుతాయి, కాబట్టి అక్కడ చిప్స్ కూడా వద్దు. మాంసం తినే మన పిల్లలు కూడా ఇదంతా తెలుసుకోవాలి. తెలియక తిని తర్వాత బాధపడినవాళ్లని చూశాను.

మరి తినేదేమిటంటే జాకెట్ పొటాటో ఉంది. పెద్ద బంగాళాదుంపను తొక్కతోనే కాల్చి, మధ్యకు చీల్చి, పైన బీన్స్ (టమాటా సాస్‌లో ఉడికించిన గింజలు), చీజ్ వేసి ఇస్తారు. వేడివేడిగా తింటే కడుపు నిండుతుంది. పొద్దున్న హోటల్లో బీన్స్, పుట్టగొడుగులు, టమాటా, టోస్ట్ తిను. మన నోటికి అన్నీ చప్పగానే ఉంటాయి. చిన్న డబ్బాలో కారప్పొడి బ్యాగులో పెట్టుకో, బల్ల దగ్గర చల్లుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఆవకాయ చెకిన్ సామానులో తెచ్చుకో. నెయ్యి, కోవా, పాలవిరుగుడుతో చేసే ఛెనాపొడ మాత్రం వద్దు. భారతదేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం అక్కడ నిషేధం, ఎయిర్‌పోర్టులో పారేస్తారు.

గది గురించి కొద్దిగా. చెకిన్ సాధారణంగా మధ్యాహ్నం 2, 3 గంటలకి. పొద్దున్నే దిగితే సామాను రిసెప్షన్‌లో పెట్టించుకుంటారు. దిగగానే కార్డు మీద కొంత డిపాజిట్ పట్టి ఉంచొచ్చు, కంగారుపడకు, తర్వాత వదిలేస్తారు. ప్లగ్గు పిన్నులు పలకలుగా ఉంటాయి, అడాప్టర్ మన ఊళ్లోనే కొనుక్కుని వెళ్లు. బాత్రూమ్ నేలకి నీళ్లు పోయే దారి ఉండదు, షవర్ తెర టబ్బు లోపలికి వేసుకుని స్నానం చెయ్యి, లేకపోతే కింది గదికి నీళ్లు కారతాయి. మగ్గు దొరకదు, ఒకటి తీసుకెళ్లు. గదిలో కెటిల్, టీ బ్యాగులు ఉంటాయి, కుళాయి నీళ్లు తాగొచ్చు. అగరొత్తులు మాత్రం వెలిగించొద్దు. పొగకి ఫైర్ అలారం మోగితే హోటల్ జనమంతా చలిలో రోడ్డు మీద నిలబడాలి. దేవుడి ఫొటో ముందు బ్యాటరీ దీపం పెట్టుకో.

భోజనం బిల్లు విడిగా, ఐటమ్స్ అన్నీ కనిపించేలా తీసుకో. రౌండ్‌కి కట్టిన డబ్బు అందులో కలపకు, చాలా కంపెనీలు మద్యం ఖర్చు ఇవ్వవు.

ఇంటికి ఫోన్ పొద్దున్నే చెయ్యి. చలికాలంలో మనకంటే ఇంగ్లండు ఐదున్నర గంటలు వెనక, ఎండాకాలంలో నాలుగున్నర. నువ్వు పబ్బులో ఏడు గంటలకి భోంచేసే వేళకి రాయగడలో అర్ధరాత్రి దగ్గరపడుతుంది, చలికాలమైతే దాటిపోతుంది. టిఫిన్‌కి దిగేముందు ఏడున్నరకి చేస్తే అమ్మ మధ్యాహ్నం వంట ముగించి తీరిగ్గా ఉంటుంది. రాత్రి ఏం తిన్నావో, ఎవరితో కూర్చున్నావో అప్పుడు చెప్పు.