బైపాస్ తర్వాత టీ3 తగ్గితే మాత్ర మొదలుపెట్టాలా? – సమాధానం

చెన్నైలో మీ నాన్నగారికి బైపాస్ అయిన ఐదో రోజు టీ3 (థైరాయిడ్ హార్మోన్) తక్కువగా, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) 1.8గా, అంటే మామూలుగానే వచ్చిందన్నారు. ఇంతకుముందు థైరాయిడ్ జబ్బు లేకపోతే ఈ ఒక్క రిపోర్టు చూసి మామూలుగా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టరండి. పెద్ద ఆపరేషన్ అయ్యాక శరీరం టీ4 అనే మరో థైరాయిడ్ హార్మోన్‌ను టీ3గా మార్చడం తగ్గించి, దాదాపు పనిచేయని రివర్స్ టీ3 వైపు మళ్లిస్తుంది. థైరాయిడ్ గ్రంథి బాగానే ఉంటుంది. అసలు గట్టి అనుమానం లేకుండా ఐసీయూలో ఈ టెస్టు చేయిస్తే మిగిలేది కంగారే.

కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి 20 దాకా పోవచ్చు. అందుకే 6–8 వారాలు ఆగి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండే టీ4) టెస్టులు చేయించండి. వేలచ్చేరిలో మీ ఇంటి దగ్గరి ల్యాబైనా చాలు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం 2 రోజుల ముందే ఆపాలి, లేకపోతే అంకెలు తప్పొస్తాయి. అప్పటికీ టీఎస్‌హెచ్ 20 దాటి, ఫ్రీ టీ4 తక్కువుంటే అది అసలు జబ్బే కావచ్చు. అప్పుడు గుండె రోగులకు థైరాయిడ్ మాత్రను రోజుకు 12.5–25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

డిశ్చార్జి చీటీలో అమియోడరోన్ ఉందేమో చూడండి. గుండె లయ తప్పితే ఇస్తారు. 200 మి.గ్రా. మాత్రలో దాదాపు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది, థైరాయిడ్‌ను అటు పెంచనూ గలదు, ఇటు తగ్గించనూ గలదు. వాడినన్నాళ్లూ 6 నెలలకోసారి టెస్టు చేయించండి. కార్డియాలజిస్టును అడగకుండా మాత్రం ఆపొద్దు.