చలికాలానికి ముందు ట్రైలర్

ప్రశ్న: కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, రెజైనాలో ఉంటున్న రిటైరైన దంపతులం. వేసవంతా ట్రైలర్‌లో (బండి వెనక తగిలించి లాగే చిన్న ఇల్లులాంటిది) తిరిగాం. అక్టోబరులో దాన్ని పెరట్లో నిలిపేముందు ట్యాంకులోని నీళ్లు బయటికి వదిలేస్తే చాలా?

జవాబు: చాలదండీ. పంపులో, పైపు వంపుల్లో నీరు మిగులుతుంది. గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి వాటిని చీల్చేస్తుంది. సస్కాచెవాన్ చలిని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్ల హీటర్ ఆపి, అందులోని నీళ్లు పూర్తిగా చల్లారాక, వేడినీళ్ల కుళాయి తెరిచి ఒత్తిడి పోయాకే హీటర్ నీళ్లు బయటికి పోయే ప్లగ్ (బిరడా) విప్పండి. ఆపైన హీటర్‌లోకి ఏమీ పోకుండా పక్కకు మళ్లించే బైపాస్ వాల్వు తిప్పండి. లేదంటే తర్వాత ఎక్కించే ద్రవమంతా హీటర్‌లోకే పోతుంది. ఆర్‌వీల (ఇలాంటి ఇల్లులాంటి బళ్ల) కోసం అమ్మే గులాబీరంగు యాంటీఫ్రీజ్ (చలికి పైపులు పగలకుండా కాపాడే ద్రవం) 8 నుంచి 12 లీటర్లు పంపుతో ఎక్కించి, ప్రతి కుళాయిలో ఆ రంగు వచ్చేదాకా వదలండి. బయటి షవర్‌ను చాలామంది మరిచిపోతారు. కార్లలో వాడే యాంటీఫ్రీజ్ విషం, ముట్టుకోవద్దు. బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి ఇంట్లో పెట్టండి. ఛార్జ్ లేని బ్యాటరీ చలికి గడ్డకట్టి పగులుతుంది.