వాలీబాల్ ఆడుతూ తెగిన మోకాలికి డిజెబిలిటీ పెన్షన్ అడగడం తప్పా?

నేవీలో పదిహేనేళ్లు పూర్తయి ఇంకో నాలుగు నెలల్లో బయటికి వస్తున్నానని, షిప్పుల మధ్య వాలీబాల్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగిందని, రిలీజ్ మెడికల్ బోర్డులో (బయటికి వచ్చే ముందు ఒంటిని పరీక్షించే డాక్టర్ల బోర్డు) ఆ విషయం గట్టిగా చెప్పమని ఇంట్లోవాళ్లూ బ్యాచ్‌మేట్లూ అంటున్నారని రాశావు. "గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు ప్రాణమే ఇచ్చారు. నేను బంతాటలో పడ్డందుకు జీవితాంతం డబ్బు తీసుకోవాలా? ఆ డబ్బు తింటే అరుగుతుందా?" అని అడిగావు. నాకంటే బాగా చిన్నవాడివి కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తాను.

ఇదే ప్రశ్న 2009లో నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. నేను ఇంజిన్ రూమ్ మనిషిని. 1994లో చిల్కాలో ట్రైనింగ్, తర్వాత ఎక్కువ కాలం షిప్పుల మీదే, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా బయటికి వచ్చాను. 2003 వానాకాలంలో, షిప్పు హార్బర్‌లో కట్టి ఉండగా, ఒక పంపు భుజాన వేసుకుని ఇంజిన్ రూమ్ నిచ్చెన దిగుతూ జారిపోయాను. శత్రువు లేడు, తుపాను లేదు. బూటు కింద కాస్త ఆయిల్, అంతే. నడుములో డిస్కు పక్కకి తప్పుకుంది. రెండు నెలలు హాస్పిటల్, ఆ తర్వాత 'లో మెడికల్ కేటగిరీ', అంటే పూర్తి ఫిట్ కాదని వేసే ముద్ర. రిలీజ్ బోర్డులో అది సర్వీసు వల్ల వచ్చిందేనని తేల్చి, జీవితాంతానికి 30 శాతం వైకల్యం అని రాశారు.

కాగితం చేతికి వచ్చిన రోజు సంతోషం కాదు, సిగ్గు వేసింది. కార్గిల్‌లో కాలు పోగొట్టుకున్న ఆర్మీ ఆయన ఒకరు మా వీధి చివరే ఉండేవారు. ఆయన ఎదురైతే తల దించుకునేవాణ్ణి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో మందుల లైనులో ఎవరైనా "ఎక్కడ తగిలింది అన్నా, ఏ ఆపరేషన్?" అని అడిగితే "ఏదో పాతదిలే" అని మాట మార్చేసేవాణ్ణి. పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో నడవడానికి వెళ్తే, కురుసుర సబ్‌మెరైన్ దాటి 1971 యుద్ధ స్మారకం దగ్గరికి వచ్చేసరికి నా అడుగులు వాటంతటవే తొందరపడేవి. అక్కడ నిలబడే అర్హత నాకు లేదన్నట్టుండేది. పైగా, తెలిసినవాళ్లు చూసి "వీడు బాగానే నడుస్తున్నాడుగా, పెన్షన్ ఎందుకు?" అనుకుంటారేమోనని ఒకటే టెన్షన్. నొప్పి లేని రోజున కూడా కొంచెం వంగి నడవాలేమో అన్న పాడు ఆలోచన వచ్చేది. తమ్ముడూ, ఆ ఆలోచన వచ్చినందుకు మళ్లీ ఇంకో సిగ్గు.

ఈ పెన్షన్ నాకొద్దని లెటర్ రాసి పెట్టుకున్నాను కూడా. దాన్ని పోస్టు చేయకుండా ఆపింది మా నాన్న.

మా నాన్న ఇక్కడి హార్బర్‌లో కలాసీ. నేను ఆరో తరగతిలో ఉండగా వించ్ తాడులో చెయ్యి పడి ఆయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టంలో ఒక పట్టిక ఉంటుంది. బొటనవేలు పోతే 30 శాతం, ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం, ఇలా సంపాదన శక్తి ఎంత తగ్గిందో కట్టి రాసిన పట్టిక. ఆ లెక్కన వచ్చిన డబ్బుతోనే మా అక్క పెళ్లి జరిగింది. ఆ డబ్బు గురించి మా నాన్న ఏనాడూ గొంతు తగ్గించి మాట్లాడలేదు. మా వీధిలో ఎవరూ తప్పుగా అనుకోలేదు.

ఆ లెటర్ సంగతి తెలిసి అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు. "యుద్ధంలో తగల్లేదు కదా నాన్నా" అన్నాను. "నానేటి యుద్ధానికెళ్లినానేట్రా? ఓడలోంచి బస్తాలు దించినాను. పన్లో వేళ్లు పోయినాయి, లెక్క కట్టి ఇచ్చినారు, తీసుకున్నాను. నీ నడుం వాళ్ల పన్లో కాకపోతే మరెవరి పన్లో ఇరిగింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఒక కలాసీకి లేని సిగ్గు నాకెందుకొచ్చిందా అని తర్వాత చాలా ఆలోచించాను. మనం వేసుకున్న తెల్ల యూనిఫాం వల్లే వచ్చింది. అది వేసుకున్న రోజు నుంచీ మనల్ని మనం వీరుల పక్కన నిలబెట్టి కొలుచుకుంటాం. అదే కొలతతో ఈ డబ్బునీ కొలుస్తాం. కానీ ఇది శౌర్యానికి ఇచ్చేది కాదు. సంతోష్ బాబు గారికి దేశం మహావీర చక్ర ఇచ్చింది, ఆ లెక్క వేరు. నీ మోకాలిది పనిలో దెబ్బ తగిలినవాడి లెక్క, మా నాన్న వేళ్ల లెక్క లాంటిది.

యుద్ధంలో గాయపడ్డవాళ్ల వాటాలోంచి తీసుకుంటున్నానన్న బాధ నీకుంటే, అది నిజం కాదు. వాళ్లకి వార్ ఇంజురీ పెన్షన్ అని విడిగా ఉంది. మా కాలపు లెక్క చెప్తాను. చివరి జీతం 40,000 అనుకో. నూరు శాతం వైకల్యానికి మామూలు డిజెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం) అందులో 30 శాతం, అంటే 12,000. వార్ ఇంజురీ అయితే 60 శాతం, 24,000. తేడా ఉండాలని నువ్వనుకుంటున్నావు. ఆ తేడా ముందే రాసిపెట్టి ఉంది. నువ్వు వదులుకుంటే ఆ డబ్బు వాళ్లకేమీ వెళ్లదు.

ఇక వాలీబాల్ సంగతి. సర్వీసు వాళ్లు ఏర్పాటు చేసిన ఆటల్లో, పోటీల్లో పాల్గొనే సమయం కూడా డ్యూటీయేనని 1982 ఎంటైటిల్‌మెంట్ నియమాల్లోనే (ఏ దెబ్బకు పెన్షన్ వర్తిస్తుందో చెప్పే నియమాలు) ఉండేది. నిన్ను ఆడమన్నది వాళ్లే. ఫిట్‌గా లేకపోతే నిలదీసేదీ వాళ్లే. సెలవులో ఊరికెళ్లి, సర్వీసుతో ఏ సంబంధమూ లేని పనిలో దెబ్బ తగిలించుకుంటే అది వేరే మాట, దానికి రాదు. ఆ గీత అక్కడ ఉండటం సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను.

లేని జబ్బు చెప్పి శాతాలు రాయించుకున్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపమే. మనలాంటివాళ్లకు ఈ సిగ్గు రావడానికి సగం కారణం వాళ్లే. కానీ వాళ్ల అబద్ధం వల్ల నీ లిగమెంట్ అతుక్కోదు కదా.

ఇంకో విషయం నాకు బయటికి వచ్చాకే అర్థమైంది. సివిల్ ఉద్యోగి అరవై ఏళ్ల దాకా పనిచేస్తాడు. మనం ముప్పై మూడు, ముప్పై అయిదేళ్లకే బయటికి వచ్చి, మళ్లీ ఒళ్లు వంచి ఇంకో పని వెతుక్కోవాలి. నాకు బ్యాంకులో గార్డు ఉద్యోగం దొరికింది. రోజంతా నిలబడలేక పదకొండు నెలలకే వదిలేశాను. నాతో చేరిన బ్యాచ్‌మేట్ ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్నాడు. డిజెబిలిటీ అంటే ఏమిటో నాకు చెప్పింది ఆ పదకొండు నెలలే. ఇప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు అగ్నివీర్లుగా వెళ్తున్నారు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే వాళ్లకు శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షల చొప్పున ఒకేసారి ఇస్తారు, నెలనెలా పెన్షన్ ఉండదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు మోకాలు పోగొట్టుకుని వస్తే మిగతా జీవితం ఎలాగా అని తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. నీకు ఉన్నదాన్ని సిగ్గుతో పారేసుకోకు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇంజిన్ రూమ్‌లో అన్నేళ్లు డీజిల్ జనరేటర్ల పక్కన ఉండి కుడి చెవి బాగా మందగించింది. రాత్రి పడుకుంటే లోపల ఒకటే హోరు. బోర్డు ముందు "ఇంకేమైనా ఉందా?" అని అడిగితే "ఏమీ లేదు సార్" అన్నాను. నడుముకే అడుగుతున్నాను, చెవికి కూడానా అన్న మొహమాటం. తర్వాత అడిగితే రికార్డులో లేదన్నారు. వాళ్లను అనడానికేముంది, లేదని సంతకం పెట్టింది నేనే. ఇవాళ నా మనవరాలు చెప్పే మాట సగం వినపడదు. ఎడమవైపు కూర్చోమ్మా అంటాను.

నువ్వు చేయాల్సింది చెప్తాను. మ్యాచ్ రోజు దెబ్బకు ఇంజురీ రిపోర్ట్ తయారైందా, అందులో డ్యూటీలో ఉన్నట్టు రాశారా అన్నది ముందు చూసుకో. లేకపోతే ఈ నాలుగు నెలల్లోనే తిరిగి అడుగు, బయటికి వచ్చాక కష్టం. బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ తీసుకోకుండా రావద్దు. 20 శాతం లోపు రాసినా, సర్వీసుతో సంబంధం లేదని రాసినా అప్పీలు ఉంటుంది. అక్కడా కాకపోతే మనకు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ ఉంది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే అనుమానం సైనికుడికే అనుకూలంగా ఉండాలని చెప్పింది. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబర్ తీర్పుతో, గడువు పూర్తి చేసుకుని వచ్చిన నాలాంటి వాళ్ల 30 శాతాన్ని 50గా లెక్కించే దారి ఏర్పడింది. కానీ 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. నీకు వర్తించేవి అవే. కాబట్టి మా కాలపు తీర్పులు చదివి ధీమాగా ఉండకు. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయానికి వెళ్లి కొత్త నియమాల గురించి అడుగు.

బోర్డుకు ముందు రోజు రాత్రి ఒక తెల్ల కాగితం తీసుకుని కూర్చో. షిప్పు నిచ్చెన దిగేటప్పుడు ఎన్నో మెట్టు దగ్గర మోకాలు పట్టేస్తుంది, కింద కూర్చుని లేవడానికి ఏం పట్టుకోవాల్సి వస్తుంది, వానాకాలంలో ఎలా ఉంటుంది, అన్నీ ఉన్నదున్నట్టు రాయి. ఎక్కువ వద్దు, తక్కువా వద్దు. చెవులు, కళ్లు, నడుము కూడా ఒకసారి తలుచుకో. ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లు. "ఇంకేమైనా ఉందా?" అని అడిగినప్పుడు అది తీసి చదువు.