గంగ (గోదావరి) ఒడ్డు ఫొటోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాత నిజాం కాలంలో రోడ్డు పనుల మేస్త్రీ. ఆయన రేకు పెట్టెలో దొరికిన ఒక ఫొటోలో ఎండిన నది, ఇసుకలో ఎడ్లబండ్లు, సగం లేచిన రాతి వంతెన ఉన్నాయి. వెనుక ఉర్దూలో ‘ఖుర్దాద్ 1348’ అని రాసి ఉంది. అది హిజ్రీ సంవత్సరమనీ, అంటే 1929 అనీ తెలిసినవారు చెబుతున్నారు. నమ్మవచ్చునా? (ఏటూరునాగారం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నమ్మకండి, ఎందుకంటే మీ ఫొటో మీద ఉన్న నెల పేరే వేరే మాట చెబుతోంది. హిజ్రీ నెలలు మొహర్రం, రజబ్, రంజాన్, షవ్వాల్ వంటివి. ఖుర్దాద్ వాటిలో లేదు. అది హైదరాబాద్ సంస్థానం తన దఫ్తరాలలో వాడిన ఫసలీ సంవత్సరపు నెల. ఆజర్‌తో మొదలై దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ సాగే ఆ పారసీక నెలల వరుసలో ఖుర్దాద్ ఏడవది. సంస్థానంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆరంభమయ్యేది కనుక ఏడవ నెల ఏప్రిల్ ప్రాంతంలో పడుతుంది. కోస్తా జిల్లాల ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి అక్కడి లెక్కను ఇక్కడికి తెచ్చుకోకూడదు.

ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ ప్రకారం 1348 ఫసలీ 1938 అక్టోబరులో మొదలైంది, మీ తాతగారి ఖుర్దాద్ 1939 ఏప్రిల్ అయింది. అదే 1348 హిజ్రీ అయితే 1929 జూన్ నుంచి 1930 మే దాకా ఉండేది. ఒకే అంకెను రెండు విధాలుగా చదివితే తేడా తొమ్మిది, పదేళ్లు. అన్ని ఫొటోల వెనుక నెల పేరు ఉండదు. అటువంటప్పుడు అంకె పక్కన ‘ఫే’ అక్షరం ఉంటే ఫసలీ, ‘హే’ ఉంటే హిజ్రీ అని గుర్తు పట్టవచ్చు.

వెనుక రాత ఫొటో తీసిన రోజునే రాసినదని హామీ లేదు కనుక, ముందువైపు బొమ్మ కూడా దానికి సాక్ష్యం పలకాలి. మీ ఫొటోలో అది పలుకుతోంది. వంతెన పునాదులు నీరు లేని రోజుల్లోనే తవ్వుతారు, బండ్లు ఇసుకలో నడిచేదీ అప్పుడే; ఏప్రిల్ గంగ అలాగే ఉంటుంది. ఇంటి పాత ఫొటోల తేదీ తేల్చాలనుకునే వారందరినీ నదిని కూడా చదవమని కోరుతున్నాను: నీటి మట్టం, ఇసుక మేటలు, ఒడ్డున చేలలోని పంట, మనుషుల నీడల పొడవు.

ప్రశ్న: మా ఇంట్లో రాతి కమానుల వంతెన ఫొటో ఒకటి ఉంది. అది సోన్ వంతెన అని మా నాయన అనేవారు. ఏ ఒడ్డు నుంచి తీశారో తెలుసుకునే దారి ఉందా? ఫొటోలో నావ పక్కన పదిమంది నిలబడి ఉన్నారు. (నిర్మల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా కమానులను లెక్కపెట్టి, నేటికీ నిలిచి ఉన్న నిజాం కాలపు ఆ వంతెనతో పోల్చండి. తరువాత దిమ్మెలను చూడండి. ప్రవాహాన్ని చీల్చడానికి ఎగువ వైపున వాటికి కోసుగా ముక్కు కడతారు. అటువంటి ముక్కులు మీ వైపు తిరిగి ఉంటే ఫొటోగ్రాఫర్ ఎగువన నిలబడి దిగువకు చూస్తున్నట్టు. అప్పుడు ఎడమ చేతి వైపున కనిపించేది నిర్మల్ ఒడ్డు, కుడివైపున నిజామాబాద్ ఒడ్డు. కొన్ని వంతెనలకు రెండు వైపులా ముక్కులు ఉంటాయి కనుక ఈ ఒక్క గుర్తు మీదే తీర్పు చెప్పవద్దు. వంతెనకు ఎగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేశారు. ఆనకట్ట వచ్చాక దిగువ గంగ నడక మారింది కాబట్టి, మీ ఫొటోలోని నీటిని ఈనాటి నీటితో పోల్చి ఏ కాలమో తేల్చడం కుదరదు.

అయినా నన్ను ఆపింది నావ పక్కన ఉన్న ఆ పదిమంది. వంతెన కొలతలు ఏదో ఒక ఇంజనీరు కాగితాలలో ఉంటాయి. నావ నడిపినవారి పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. ములుగు జిల్లాలో ముల్లకట్ట వంతెన 2016లో తెరుచుకోక ముందు ఏటూరునాగారం వైపు నుంచి వాజేడు వైపు పోవాలంటే నావే దిక్కు. ఆ రేవు పని ఆగి ఎంతో కాలం కాలేదు, అక్కడ తెడ్డు వేసినవారిలో ఇంకా బతికి ఉన్నవారు ఉంటారు. సోన్ దగ్గర వంతెన నిజాం కాలంలోనే వచ్చింది కాబట్టి అక్కడ ఆ అవకాశం తక్కువ. కనుక మీ ఊరి గంగపుత్రుల వాడకు ఆ ఫొటో నకలు తీసుకుని వెళ్లండి, పెద్దలకు చూపించండి, వారు చెప్పిన పేర్లను చెప్పినవారి పేరుతో సహా రాసుకోండి. అసలు ఫొటో వెనుక మెత్తని పెన్సిల్‌తో అంచున మాత్రమే రాయాలి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపుకు తేలుతుంది.

ప్రశ్న: 2022 జూలై వరదలో మా ఆల్బమ్ తడిసింది. ఎండాక ఫొటోలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. విడదీయవచ్చునా? (మంగపేట నుంచి)

జవాబు: చేత్తో లాగకండి. ముందుగా ఉన్నది ఉన్నట్టు సెల్‌ఫోన్‌తో ఫొటో తీయండి. నలుపు తెలుపు ప్రింట్ల మీది జిలటిన్ పొర చల్లని, శుభ్రమైన నీటిలో మళ్లీ మెత్తబడుతుంది. విలువ తక్కువ జంట ఒకటి తీసుకుని నీటిలో ఉంచి, గంటకోసారి చూస్తూ, వాటంతట అవి జారినప్పుడే వేరుచేయండి. సిరా రాత ఉన్నవాటిని, ఇంక్‌జెట్ ప్రింట్లను మాత్రం నీటిలో వేయవద్దు. విడివడినవాటిని బొమ్మ పైకి ఉండేలా నీడలో, శుభ్రమైన నూలు బట్ట మీద ఆరబెట్టండి. ఎండలో పెడితే చుట్టుకుపోతాయి. ఆరాక లామినేషన్ చేయించవద్దు, అది చేయించిన ఫొటోను మళ్లీ బయటకు తీయలేము.