ఆపరేషన్ లేకుండా సూదితోనే రొమ్ము క్యాన్సర్ గడ్డ పోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు. ఎడమ రొమ్ములో 1.4 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తే బయాప్సీ చేశారు, క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో గ్రేడ్ 2 (మధ్యస్థ రకం), ఈఆర్, పీఆర్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం), హెర్2 నెగటివ్ (గడ్డను వేగంగా పెంచే హెర్2 ప్రొటీన్ ఎక్కువగా లేదు) అని ఉంది. చంకలో గ్రంథులు మామూలుగానే ఉన్నాయన్నారు. ఆపరేషన్ మాటెత్తితే అమ్మ ఏడుస్తోంది. సూది గుచ్చి గడ్డను చల్లదనంతో చంపే చికిత్స ఉందని వీడియోలో చూశాం. అది చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసింది క్రయో అబ్లేషన్. బూటకం కాదు, నిజమైన చికిత్సే. రొమ్ము వరకే మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి ప్రోబ్‌ను గడ్డ మధ్యలోకి పంపుతారు. ద్రవ నైట్రోజన్‌తోనో ఆర్గాన్ వాయువుతోనో దాని కొన విపరీతంగా చల్లబడి, చుట్టూ మంచు ముద్ద కడుతుంది. దాన్ని కరగనిచ్చి మళ్లీ చల్లబరుస్తారు. క్యాన్సర్ కణాలు మిగలకూడదంటే ఆ రెండో విడత తప్పనిసరి. గడ్డ చుట్టూ సుమారు సెంటీమీటరు మేర మంచి కణజాలం కూడా లోపలికి రావాలి కాబట్టి, మీ అమ్మగారి విషయంలో ఆ ముద్ద నిమ్మకాయంత అవుతుంది. అది చర్మాన్ని తాకితే చర్మం దెబ్బతింటుంది. అందుకే ముద్దకూ చర్మానికీ మధ్యలోకి సూదితో సెలైన్ పంపి చర్మాన్ని ఎడంగా ఉంచుతారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. చనిపోయిన గడ్డ మాత్రం వెంటనే మాయం కాదు, నెలల తరబడి చేతికి తగులుతూనే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఇంట్లో అందరికీ టెన్షనే.

ఇక అసలు విషయం. అమెరికాలో ఐస్3 అనే అధ్యయనంలో 60 ఏళ్లు దాటిన 194 మందికి ఇలా చేశారు. అందరివీ 1.5 సెంటీమీటర్లు మించని, హార్మోన్ పాజిటివ్, తక్కువ ముప్పు ఉన్న గడ్డలే. ఐదేళ్లలో అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టింది సుమారు 4 శాతం మందికే. మంచి ఫలితమే. కానీ అక్కడ గడ్డల సగటు పొడవు 8 మిల్లీమీటర్లు. మీ అమ్మగారిది 14, అంటే పరిమితి అంచున ఉంది. పైగా ఆపరేషన్ చేయించుకున్న వాళ్లతో పోల్చి చూసిన అధ్యయనం కాదది. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ చికిత్సకు అనుమతి ఇచ్చినా, హార్మోన్ మాత్రలు (హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునేవి) కూడా వాడే 70 ఏళ్లు పైబడిన వాళ్లకీ, ఆపరేషన్‌కు పనికిరాని వాళ్లకీ అని గీత గీసింది. జపాన్‌లో వేడితో కాల్చే పద్ధతికి ఇన్సూరెన్స్ వర్తిస్తోంది. అక్కడా 1.5 సెంటీమీటర్లే హద్దు.

నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆపరేషన్‌లో తీసిన ముక్క ల్యాబ్‌కు వెళుతుంది. అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, గడ్డ నిజంగా ఎంతుంది, పక్కన పాల నాళాల్లోకి పాకిందా అన్నది అక్కడే తెలుస్తుంది. అబ్లేషన్‌లో చూడ్డానికి ముక్కే ఉండదు. బయాప్సీలో వచ్చిన నాలుగు సన్నని పోగులే మన ఆధారం. కాబట్టి చేయించాలనుకుంటే ముందు మామోగ్రామ్‌తో పాటు ఎంఆర్ఐ కూడా తీయించి, ఆ ఒక్క గడ్డే ఉందని తేల్చుకోవాలి. తర్వాత ఏళ్ల తరబడి స్కాన్‌లకు తిరగాలి. రానూపోనూ ఓపిక మీకుందా?

మీ ఉత్తరం చదివితే, అమ్మగారు ఏడుస్తున్నది రొమ్మంతా తీసేస్తారనేమో అనిపించింది. ఈ సైజు గడ్డకు సాధారణంగా ఆ అవసరం రాదు. గడ్డను, చుట్టూ కొంత భాగాన్ని తీస్తే చాలు. రొమ్మును ఉంచి చేసే ఆపరేషన్, రేడియేషన్‌తో కలిపి, ప్రాణం నిలపడంలో రొమ్ము తీసేయడంతో సమానమేనని 20 ఏళ్లు గమనించిన అధ్యయనాలు 2002లోనే తేల్చాయి. మీ అమ్మగారి వయసులో, ఇలాంటి రిపోర్టుతో, హార్మోన్ మాత్రలు సరిగ్గా వాడితే రేడియేషన్ కూడా మానేసే వీలుండొచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ఉంది. అబ్లేషన్‌కు వెళ్తే ఖర్చు ముందే రాయించుకోండి.

నా సలహా: మత్తుకు గుండె తట్టుకుంటుందని డాక్టర్లు చెబితే ఆపరేషన్‌కే వెళ్లండి. తట్టుకోదంటే అబ్లేషన్ గురించి గట్టిగా ఆలోచించవచ్చు. స్టెంట్ వేసి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు, అది చాలా ముఖ్యం. ఈ మధ్యే వేసి ఉంటే రక్తం పలచబడే మాత్రలను మీ అంతట మీరు ఆపొద్దు, సర్జన్, గుండె డాక్టర్ మాట్లాడుకుని చెప్పాలి. పూర్తి మత్తు లేకుండా నరాల దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేసే వీలుందేమో కూడా అడగండి. గుండె కోసం కొన్ని నెలలు ఆగాల్సి వస్తే, ఈలోగా లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్ర మొదలుపెట్టమని క్యాన్సర్ డాక్టర్‌ను అడగండి. ఈఆర్ పాజిటివ్ గడ్డ చాలామందిలో దానికి లొంగుతుంది.